మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో కోటలన్నీ ఏటైపోయాయి? ఊరి పేర్లలో తప్ప ఎక్కడా కనబడవే

పెద్దచెరువు_గట్టు
మా బావమరిదిది జమ్మలమడుగు. పండక్కి వచ్చి ఉన్నన్నాళ్ళూ గండికోట గండికోట అని బుర్ర తినేశాడు. కింద పెన్నా, పైన ఎర్రరాతి గోడలు, లోపల గుడి, మసీదు, ధాన్యం కొట్టు, ఒకటే వర్ణన. సరే మనదీ చూపిద్దామని విజయనగరం కోటకి తీసుకెళ్తే నగరఖానా ద్వారం దాటి నాలుగడుగులు వేశాడో లేదో "బావా ఇది కాలేజీ కదా" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుణ్ణు. కార్లో కూర్చుని ఫోన్లో మ్యాపు తీసి ఊళ్ళ పేర్లు చదవడం మొదలెట్టాడు, శృంగవరపుకోటలో కోట ఎక్కడ బావా, కోటబొమ్మాళిలో ఎక్కడ, జలంత్రకోటలో ఎక్కడ, అసలు బొబ్బిలిలో యుద్ధం జరిగిన కోట ఏదీ అని. నాకు నోట మాట లేదు. నిజంగానే అడుగుతున్నాను, ఒడిశా గజపతులు ఏలారు, గోల్కొండ ఫౌజుదార్లు (సైన్యాధికారులు) ఏలారు, ఇంతమంది జమీందార్లు ఉన్నారు, ఒక్క రాతికోట తప్ప మిగిలినవన్నీ ఎటు పోయాయి? తెలిసినోళ్ళు చెప్పండి, ఉగాదికి మళ్ళీ వస్తాడట.

మూడులాంతర్లు_మావా
కోటెందుకు గురూ, పైడితల్లి సిరిమాను జాతర రోజున రమ్మను. ఆ జనంలో ఒక్కసారి నలిగితే గండికోట పేరు మళ్ళీ ఎత్తడు.

నాగావళి_ఇసుక
మనవి మట్టికోటలు బాబూ. రాయి కాదు. మట్టి మట్టిలో కలిసిపోనాది, అంతే.

పెద్దచెరువు_గట్టు
@నాగావళి_ఇసుక అంతేనా? మట్టికోట అంటే పిల్లలాట అనుకుంటాడు వాడు.

మేస్త్రి_ఇంజినీరు
అనుకోనివ్వు, ఫిరంగి ముందు నిలబెడితే తెలుస్తుంది. నేను సివిల్, ఊరు చీపురుపల్లి దగ్గర, మట్టిగోడ కట్టడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎర్రమన్ను, చెరువు బంకమన్ను కలిపి, ఊక, తరిగిన ఎండుగడ్డి వేసి, నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కుతారు. తొక్కి వదిలేస్తారు, నానాలి. మర్నాడు మళ్ళీ తొక్కుతారు. అప్పుడు ముద్దలు చేసి మూరెడు ఎత్తు వరస పెడతారు, అది ఆరి వేలితో నొక్కితే దిగకూడదు, అప్పుడే దాని మీద రెండో వరస. తొందరపడి రెండూ ఒకే రోజు పెడితే కింది వరస పొట్ట ఉబ్బి కూలిపోద్ది. ఇంటిగోడకే ఇంత తతంగం ఉంటే, పైన మనుషులు నడిచేంత మందం గోడ కట్టడానికి ఎంత మంది తొక్కి ఉంటారో ఆలోచించండి.

ఇక ఫిరంగి సంగతి. గుండు రాతికి తగిలితే రాయి పగిలి ముక్కలు లేస్తాయి, ఆ ముక్కలే లోపలివాళ్ళని చంపుతాయి. మట్టిలో అయితే గుండు లోపలికి దిగి ఆగిపోద్ది. రాత్రికి రాత్రి ఆ కన్నం పూడ్చేసుకోవచ్చు, మన్ను ఊళ్ళోదే, మనుషులు ఊళ్ళోవాళ్ళే. కాబట్టి రాయి దొరక్క మట్టితో కట్టారు అనుకోవద్దు. మనకి కొండలకి తక్కువేం లేదు, చుట్టూ కొండలే. కానీ మట్టిగోడకి ఒకటే శత్రువు, వాన. పైన తాటాకు కప్పు గానీ పెంకు గానీ వేసి ఏటా పూత వెయ్యకపోతే పదేళ్ళలో దిబ్బ అయిపోద్ది. కడప వైపు కురిసే వాన ఎంత, మన వైపు కురిసే వాన ఎంత? దానికి తోడు ప్రతి అక్టోబరు నవంబరు తుఫాను భయమే. హుద్‌హుద్, తిత్లీ చూశాం కదా, కాంక్రీటు స్తంభాలే విరిగిపోనాయి.

ఉద్దానం_జీడిపప్పు
తిత్లీ ఊసు ఎత్తకు అన్నా, 2018 అక్టోబరులో మా తోటలన్నీ ఒక్క రాత్రిలో పోయినాయి. కోటలేటి లెక్క.

చంపావతి_ఒడ్డు
మేస్త్రి గారు చెప్పిందానికి ఇంకోటి కలపాలి. ఆ రోజుల్లో గోడ కన్నా ముందు అడవి. మన వైపు పాలెగాళ్ళ కోటలన్నిటికీ చుట్టూ దట్టంగా వెదురు, ముళ్ళపొదలు పెంచేవారు, లోపలికి పోడానికి ఒకటో రెండో ఇరుకు దారులు, అదీ వంకర్లు తిరిగి. సైన్యం బారులు తీరి వచ్చే వీలే ఉండదు. ఆ కాలం ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్ బొబ్బిలి గురించి రాసినప్పుడు ఈ అడవి గురించే ముందు రాశాడు. ఇంకా పైకి కురుపాం, సాలూరు, మేరంగి వైపు వెళ్తే అడవితో పాటు మన్యం జ్వరం. దొరల సైన్యాలు కొండలెక్కి జ్వరంతో దిగేవి. అలాంటి చోట గండికోట అంత గోడ ఎందుకు, దోమే కాపలా.

మూడులాంతర్లు_మావా
దోమ కాపలా ఇప్పటికీ ఉంది, మా వీధికి రండి.

బొబ్బిలి_పులి
చంపావతి గారు బొబ్బిలి పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అందరూ కోట ఓడిపోయింది ఓడిపోయింది అంటారు గానీ 1757 జనవరి 24న ఎలా జరిగిందో చదవండి. బుస్సీ ఫ్రెంచి సైన్యం, హైదర్ జంగ్, పక్కన విజయనగరం రాజు పెద విజయరామరాజు సేన. లోపల బొబ్బిలి రాజు రంగారావు గారూ ఆయన మనుషులూ కొద్దిమంది. తెల్లారగానే బురుజుల మీద ఫిరంగులు మొదలెట్టారు. తర్వాత నిచ్చెనలు వేసుకుని ఎక్కబోతే మా వాళ్ళు కిందకి తోసేశారు. మళ్ళీ ఫిరంగులు, మళ్ళీ నిచ్చెనలు. యూరపు ఫిరంగుల ముందు మట్టికోట పూట గడిచేదాకా నిలబడింది అంటే మాటలు కాదు. ఆఖరికి గెలవమని తెలిసి ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకుని కత్తులు పట్టుకుని బయటకొచ్చారు. అలాంటి కోట గోడ మిగల్లేదని ఎవడైనా నవ్వితే వాడితో నాకు మాటల్లేవ్.

పెద్దచెరువు_గట్టు
@బొబ్బిలి_పులి నవ్వింది మా బావమరిది, నేను కాదు. కోపం అటు పంపండి.

కంటోన్మెంట్_కుర్రోడు
బొబ్బిలి వాళ్ళు ఎప్పుడూ సగం కథే చెప్తారు. అసలు తగాదా ఎక్కడ మొదలైంది? వాగుల్లో నీళ్ళు మళ్ళించుకోడం దగ్గర. మా విజయనగరం వాళ్ళ పొలాలకి రావలసిన నీళ్ళు మీరు కట్టేసుకున్నారు. పోనీ బుస్సీ అయినా ఊరికే పడ్డాడా, ఇక్కడ వదిలెయ్యండి ఇంత విలువ చేసే భూమి వేరే చోట ఇస్తాం అన్నాడు. ఒప్పుకోలేదు.

బొబ్బిలి_పులి
సొంత ఊరు వదిలి పొమ్మంటే మీరు పోతారా? పెద్దచెరువు ఇచ్చేసి పొమ్మంటే పోతారా?

కంటోన్మెంట్_కుర్రోడు
పెద్దచెరువు ఇప్పుడు ఎవరికిచ్చినా తీసుకోరు, గుర్రపుడెక్క తీయించలేక చస్తారు.

రాజాం_రోడ్డు
😂😂 అయ్యా మీ ఇద్దరికీ ఒక మాట. తాండ్ర పాపారాయుడు ఆ రోజు రాజాంలో ఉన్నాడు. కబురు తెలిసి వచ్చేసరికి కోట బూడిద. రెండు మూడు రాత్రుల్లోనే విజయరామరాజు గుడారంలో దూరి పొడిచి చంపి తనూ చచ్చిపోయాడు. మా ఊళ్ళో విగ్రహం కూడా ఉంది ఆయనకి. తీరా చూస్తే ఏమైంది, 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టి రాజాం తీసుకెళ్ళి విజయనగరం జిల్లాలో పడేశారు. బొబ్బిలి అయితే 1979 నుంచీ అందులోనే. పాపారాయుడు ఉండుంటే కలెక్టరాఫీసు గుడారం వెతుక్కునేవాడు.

టీచరమ్మ_పార్వతీపురం
రాజాం_రోడ్డు గారూ 😂. మేమైతే ఎవరి వైపూ కాకుండా కొత్త జిల్లా తెచ్చుకున్నాం.

గుడారం_కాపలా (పరిపాలకుడు)
ఇక్కడ ప్రతి సంవత్సరం జనవరిలో ఈ యుద్ధం మళ్ళీ జరుగుతోంది. అడిగిన ప్రశ్న కోటల గురించి. కులం మాట వస్తే పోస్టు తీసేస్తాను, ముందే చెప్తున్నా.

చంపావతి_ఒడ్డు
యుద్ధం కాదు గానీ ఆ కథలో ఒక చిన్న ముక్క ఎవరూ చెప్పరు, అది చెప్పి ఊరుకుంటా. కోట పడ్డాక లోపలికి వెళ్ళిన ఫ్రెంచి వాళ్ళకి ఒక ముసలాయన ఎదురొచ్చి ఒక పసివాణ్ణి చేతికిచ్చాడు, ఇతను రంగారావు కొడుకు, తండ్రి మాట కాదని నేను బతికించాను అని. ఆ పిల్లాడి వల్లే బొబ్బిలి వంశం నిలిచింది. మళ్ళీ సంస్థానం వచ్చింది, 1932లో బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి కూడా అయ్యారు. ఇప్పుడు బొబ్బిలిలో కనబడే కోట, దర్బారు హాలు అన్నీ ఆ తర్వాతి వాళ్ళు కట్టినవే. 1757 నాటిది చూడాలంటే యుద్ధస్తంభం దగ్గర నిలబడి ఊహించుకోవడమే.

పెద్దచెరువు_గట్టు
ఇది బాగుంది, ఇలాంటివి కావాలి నాకు. మరి విజయనగరం కోట ఒక్కటీ రాతితో ఎందుకు కట్టారు?

కంటోన్మెంట్_కుర్రోడు
మా వాళ్ళకి స్తోమత ఉంది కాబట్టి. చెప్పకూడదు గానీ.

సిరిమాను_పూజ
కుర్రోడి మాట అటుంచితే, విజయనగరం రాజులు పూసపాటి వారు అంతకుముందు కుమిలిలో ఉండేవారు, అది పూసపాటిరేగ మండలంలో ఉంది, అక్కడిది మట్టికోటే. 1713లో ఇక్కడ శంకుస్థాపన. విజయ నామ సంవత్సరం, విజయదశమి, మంగళవారం, అన్నీ జయం మీదే చూసుకుని పెట్టారని చెప్తారు. చోటు చూపించింది మహబూబ్ వలీ అనే ఫకీరు అని కూడా పెద్దలు చెప్పేవారు, ఆ రోజుల్లో ఇదంతా అడవి. నలుచదరం కోట, నాలుగు మూలలా నాలుగు బురుజులు, గోడ ఎత్తు దాదాపు 10 మీటర్లు, లోపల 26 ఎకరాలు, చుట్టూ అగడ్త. తూర్పు వైపుది పెద్ద ద్వారం, దాని మీదే నగరఖానా.

మీ బావమరిది కాలేజీ అని నవ్వాడు గానీ నేను ఆ కాలేజీలోనే చదివాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక గోడ నీడలో కూర్చుని క్యారేజీలు విప్పేవాళ్ళం, రాతి అతుకుల్లోంచి రావి మొక్కలు వచ్చేవి, వాచ్‌మన్ కొడవలి కర్రకి కట్టి కోసేవాడు. ఒక్క ఏడు కొయ్యకపోతే వేరు రాళ్ళ మధ్యకి దిగిపోద్ది, ఆ తర్వాత కోస్తే వేరు మాత్రం లోపలే ఉండి గోడని చీలుస్తుంది. కోటలో పిల్లలు చదువుకోబట్టే ఆ మనిషికి జీతం వచ్చింది, ఆ మొక్కలు కోశారు. ఖాళీగా తాళం వేసి ఉంచితే మీరు చెప్పే మట్టికోటల గతే దీనికీ పట్టేది.

మేస్త్రి_ఇంజినీరు
పూజ గారు చెప్పింది అక్షరాలా నిజం. వాడుకలో ఉన్న కట్టడం చావదు. కోరుకొండ ప్యాలెస్ చూడండి, 1962లో సైనిక్ స్కూల్ పెట్టారు కాబట్టి ఇప్పటికీ ఠీవిగా ఉంది.

గంటస్తంభం_టీకొట్టు
వాడుకలో ఉన్నా చంపేస్తారు సార్. మూడు లాంతర్ల స్తంభం 2020లో ఏటైంది? సింహాలున్న స్తంభం, ఊరికి గుర్తు, పొద్దున్నే చూస్తే లేదు.

మూడులాంతర్లు_మావా
దాని ఊసెత్తకండి, నా పేరే పోయింది.

వంశధార_వీరుడు
ఇంతసేపూ అంతా విజయనగరం బొబ్బిలి అంటున్నారు. సిక్కోలు మర్చిపోయారా? నిజాం కాలంలో ఉత్తర సర్కార్లలో మనదే ఒక సర్కారు, ఇచ్ఛాపురం నుంచి కిందదాకా ఇక్కడి ఫౌజుదారు మాటే చెల్లేది. 1753లో నిజాం సలాబత్ జంగ్ బుస్సీకి రాసిచ్చిన నాలుగు సర్కార్లలో శ్రీకాకుళం ఒకటి. అందుకే ఆ ఫ్రెంచి వాడు బొబ్బిలి దాకా వచ్చాడు. కప్పం వసూలు గొడవ, రాజుల పంతం అందులో కలిసింది.

నాగావళి_ఇసుక
మరి కోటేది వీరుడా?

వంశధార_వీరుడు
కోట లేదు, నాగావళి పక్కన షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉంది కదా. అది ఇంకా ముందు గోల్కొండ కాలందే. వెళ్ళి చూడు, ఎన్నాళ్ళయింది ఆ వీధిలోకి వెళ్ళి?

నాగావళి_ఇసుక
రోజూ ఎల్తాను. పక్కనే మా మావయ్య కొట్టు.

దంతపురి_దిబ్బ
అసలు పాతదాన్ని వదిలేసి 1713, 1757 అంటారేటి. సరుబుజ్జిలి మండలం దంతవరపుకోట వెళ్ళండి. అక్కడ మట్టి ప్రాకారం దిబ్బలాగ ఇప్పటికీ కనబడతాది, చేల మధ్యన గుండ్రంగా తిరుగుతూ. కళింగుల రాజధాని దంతపురం అదే అంటారు, బుద్ధుడి దంతం ఉన్న ఊరు. పురావస్తు శాఖ తవ్వితే పాత కుండపెంకులు దొరికినాయి. మీ గండికోట పుట్టకముందు ఎన్ని వందల ఏళ్ళో.

చంపావతి_ఒడ్డు
దిబ్బ గారూ, అక్కడ పాత మట్టికోట ఉన్న మాట నిజం, కాదనను. అదే దంతపురం అనే మాట మీద మాత్రం పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు, పూరీ అన్నవాళ్ళూ ఉన్నారు. బావమరిది ముందు ఖాయంగా చెప్పేసి దొరికిపోకండి.

దంతపురి_దిబ్బ
పూరీ వాళ్ళకి జగన్నాథుడు చాలడా, మా పన్ను కూడా కావాలా?

ఉద్దానం_జీడిపప్పు
😂😂😂 ఈ మాట ఫ్రేం కట్టించాలి

వంశధార_వీరుడు
దిబ్బ చెప్పిన వైపే ముఖలింగం కూడా ఉంది కదా. తూర్పు గాంగుల కళింగనగరం అదే, 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు రాజధాని కటకానికి మార్చేశాక మన వైపు సరిహద్దు ప్రాంతం అయిపోయింది. రాజధాని ఎక్కడుంటే పెద్ద కోట అక్కడ. బారాబతి కోట కటకంలో కట్టుకున్నారు, మనకి గుళ్ళు మిగిలాయి.

చంపావతి_ఒడ్డు
ఇది గట్టి పాయింటు. దీనికి రుజువు లాంటిది ఒకటి చెప్తాను. కృష్ణదేవరాయలు గజపతి మీదకి వచ్చినప్పుడు వరస చూడండి. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, ఆ తర్వాత కొండపల్లి, రాజమహేంద్రవరం. అన్నీ కోటలే, ఉదయగిరి అయితే ఏడాది పైన ముట్టడి వేస్తే గానీ లొంగలేదు. రాజమహేంద్రవరం దాటి మన వైపు వచ్చాక అలాంటి ముట్టడి ఒక్కటి వినబడదు. సింహాచలంలో శాసనం వేయించాడు, పొట్నూరులో జయస్తంభం నాటాడు, వెళ్ళిపోయాడు. రాతికోటలున్న గీత గోదావరి దగ్గరే ఆగిపోయిందని నా లెక్క. గజపతికి కృష్ణ, పెన్నల వైపు శత్రువు కాబట్టి అక్కడ రాయి పేర్చాడు. మనది ఆయన ఇంటి పెరడు, పెరడుకి ఎవడైనా రాతిగోడ కడతాడా?

కంటోన్మెంట్_కుర్రోడు
ఇంత మంచి విశ్లేషణ చేసి మమ్మల్ని పెరడు చేసేశారు.

టీచరమ్మ_పార్వతీపురం
చంపావతి గారి మాట పెద్ద రాజుల వరకూ సరే. జమీందార్ల కోటలు తర్వాత ఎందుకు బాగుచెయ్యలేదు అన్నది వేరే కథ. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, మరుసటేడు నిజాంతో ఒప్పందం, సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. విజయనగరం వాళ్ళు అంతకుముందు కంపెనీతో దోస్తీనే, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఆనందగజపతి సేనలు కంపెనీ కర్నల్ ఫోర్డ్ పక్కనే ఉన్నాయి. ఆఖరికి పేష్కష్ (కప్పం) బకాయిల దగ్గర చెడింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన మీద పడింది, చిన విజయరామరాజు అక్కడే చనిపోయారు. ఆ దెబ్బతో మిగిలిన జమీందార్లందరికీ అర్థమైంది. 1802లో శాశ్వత శిస్తు వచ్చాక జమీందారు పని సిస్తు కట్టడం, సైన్యం పెట్టుకోవడం కాదు. సైన్యం లేనప్పుడు ఏటా మనుషుల్ని పెట్టి మట్టిగోడకి పూత ఎందుకు వేయిస్తాడు? ఆ డబ్బుతో మేడ కట్టుకున్నాడు, అద్దాలు, షాండిలియర్లు తెప్పించుకున్నాడు. పేరు మాత్రం కోట అనే ఉండిపోయింది. విజయనగరం తప్ప మన వైపు ఇప్పుడు ఏ ఊళ్ళో జమీందారు కోట అన్నా అది బంగళానే, ఫిరంగి పెట్టే చోటే ఉండదు.

మేస్త్రి_ఇంజినీరు
టీచరమ్మ గారు పూత గురించి చెప్పారు, నేను ఇంత రాసి అది మిస్సయ్యాను అనిపించేలా. ప్రశ్నకి సగం జవాబు అదే.

మందస_మెట్ట
మేడలూ షాండిలియర్లూ అంటే మాకు వేరేలా వినిపిస్తాది. మందసలో రాజావారి కోట ఉంది, ఇప్పటికీ చూడొచ్చు, వాసుదేవ పెరుమాళ్ గుడికి వచ్చినోళ్ళు దాన్నీ చూసి ఫొటోలు తీసుకెళ్తారు. కానీ మా నాన్నమ్మ ఆ వైపు చూపు తిప్పేది కాదు. ఆ జమీందారీలో అడవిలో పుల్ల ఏరుకున్నా నేరమే, వెట్టి చెయ్యాలి. 1940లో గుడారి రాజమణిపురంలో రైతులు ఎదురుతిరిగితే పోలీసులు కాల్చారు, సాసుమాను గున్నమ్మ గర్భిణీ, ఆమె కూడా చనిపోయింది. ఇప్పుడు వీరగున్నమ్మ అని విగ్రహం పెట్టుకున్నాం. మేస్త్రి గారు మన్ను తొక్కిన వాళ్ళ గురించి ఒక ముక్క అన్నారు కదా పైన, వాళ్ళు మా వాళ్ళే. కోట పోయిందని అందరూ ఒకేలాగ బాధపడాలని లేదు.

కంటోన్మెంట్_కుర్రోడు
అన్ని జమీందారీలూ ఒకటి కాదు. మా వాళ్ళు కాలేజీలు పెట్టారు, ఊరంతా చదువుకుంది.

మందస_మెట్ట
పెట్టారు, కాదనలేదు. సిస్తు ఎవరు కట్టారో అది కూడా రాస్తే బాగుంటాదంటున్నా.

సిరిమాను_పూజ
రెండూ నిజమే. పైడితల్లి అమ్మవారినే చూడండి, విజయరామరాజు చెల్లెలు అని చెప్తాం, అన్న యుద్ధంలో పోయాడని ప్రాణం వదిలింది, పెద్దచెరువులో వెలిసింది అంటాం. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే రాజకుటుంబం పడమటి బురుజు మీద కూర్చుని చూస్తారు. రాజు బురుజు మీద, అమ్మవారి రూపంలో పూజారి సిరిమాను మీద, కింద ఊరూరి రైతులు. దసరా తర్వాత వచ్చే ఆ ఒక్క మంగళవారం ఆ బురుజుకి ఇంకా పని ఉంటుంది.

నాగావళి_ఇసుక
అప్పా ఆ పూజారి చూపించే ధైర్యం మా ఊళ్ళో ఎవడికీ లేదు, అంత ఎత్తున కుర్చీలో కూర్చుని ఊగడం. నేను కిందనుంచి చూసే కళ్ళు తిరిగినాయి.

పొందూరు_నూలు
ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా. వాన, కంపెనీ సరే. మిగిలిన దిబ్బల్ని తిన్నది మనమే. మా వైపు పాత దిబ్బ ఎక్కడున్నా దాన్ని పాటిమన్ను అని పొలాలకి తోలుకునేవారు. వందల ఏళ్ళు మనుషులు పశువులు మసిలిన చోటు, బూడిద, పేడ, ఎముకలు అన్నీ కలిసిన మన్ను కదా, చేను ఏపుగా వస్తాది. తాతల కాలంలో ఎడ్లబండి, వేసవిలో రోజుకి కొన్ని బళ్ళు, దిబ్బకి తెలిసేది కాదు. ట్రాక్టరు వచ్చాక దిబ్బ సగం అయింది. జేసీబీ వచ్చాక ఒక్క వేసవిలో చదును. మా ఊరి దిబ్బ మన్నులో పెద్ద పెద్ద ఇటుకలు వచ్చేవి, ఇప్పటి ఇటుక కన్నా రెండింతలు పొడవు, మా ఇంటి పశువులశాల మెట్టు వాటితోనే కట్టారు. మా అమ్మ రోజూ దాని మీదే పాలచెంబు పెడతాది.

దంతపురి_దిబ్బ
అయ్యో ఫొటో పెట్టండి ఆ ఇటుకలది. కొలత కూడా పెట్టండి. పెద్ద ఇటుకలంటే బౌద్ధం కాలం కూడా అవ్వొచ్చు, శాలిహుండం వైపు అలాంటివి ఉంటాయి.

పొందూరు_నూలు
పెడతాను, గేదె లేవనీ.

గంటస్తంభం_టీకొట్టు
మన్ను తోలడం తప్పని చెప్తే ఊళ్ళో వింటారా? మా చుట్టాల ఊళ్ళో సర్పంచి ఇళ్ళ స్థలాలకి చదును చేయిస్తుంటే ఒక మేష్టారు అడ్డం పడ్డాడు ఇది పాత కోట దిబ్బ అని. ఎవరి పేరున పట్టా ఉంది చూపించు అన్నారు ఆయన్ని. కోటకి పట్టా ఎక్కడ నుంచి తెస్తాడు. నెల తిరిగేసరికి స్తంభాలు పాతేశారు, కరెంటు కూడా వచ్చేసింది.

టీచరమ్మ_పార్వతీపురం
ఇళ్ళు లేనివాళ్ళకి స్థలాలు ఇస్తుంటే అడ్డం పడటం కూడా కష్టమేనండి. మందస గారు అన్నట్టే ఉంటుంది. కనీసం చదును చేసే ముందు ఎవరైనా వచ్చి ఫొటోలు తీసి, కొలిచి, దొరికిన పెంకులు ఒక చోట దాచినా చాలు. మా స్కూలు పిల్లలతో ఒక ఊరి దిబ్బ అలాగే రాయించాను, ఎత్తు తాడుతో కొలిచారు, చుట్టూ అడుగులు లెక్కపెట్టారు, ముసలాళ్ళని అడిగి ఏ వైపు ద్వారం ఉండేదో రాశారు. ముగ్గురు ముసలాళ్ళు మూడు వైపులు చెప్పారు, అదీ రాశారు.

మూడులాంతర్లు_మావా
ఆ ముగ్గురూ ఈ చర్చలో కూడా ఉన్నారని నా అనుమానం.

పెద్దచెరువు_గట్టు
చాలా విషయం వచ్చింది. ఇప్పుడు పని మాట, ఒక్క రోజులో తిప్పాలంటే ఎటు పోవాలి? విజయనగరంలో బయల్దేరతాం, కారుంది, పిల్లలు ఇద్దరు.

రాజాం_రోడ్డు
బొబ్బిలి స్తంభం, దర్బారు హాలు చూసి, రాజాంలో పాపారాయుడికి దండం పెట్టి, పాలకొండ మీదుగా శ్రీకాకుళం వెళ్ళిపో.

వంశధార_వీరుడు
పిల్లలతో అంత తిరగలేవు. రాజాం నుంచి నేరుగా ఆమదాలవలస వైపు దిగి దంతవరపుకోట, అక్కడి నుంచి ముఖలింగం. సాయంత్రం గుడి తెరిచే టైముకి పడేలా చూసుకో.

కంటోన్మెంట్_కుర్రోడు
పొద్దున్నే కోట చుట్టూ ఒకసారి నడిచి బయల్దేరండి, లోపలికి కాదు, బయట, అగడ్త వైపు నుంచి. గోడ ఎత్తు అక్కడే తెలుస్తుంది. మీ బావమరిదికి కాలేజీ కనబడకుండా చూపించే దారి అదొక్కటే.

బొబ్బిలి_పులి
బొబ్బిలి వస్తే నాకు మెసేజ్ పెట్టండి, స్తంభం దగ్గరకి నేనే తీసుకెళ్తా. ఆ చోటు ఎవరికి వారు వెళ్తే ఏముంది ఇక్కడ అనిపిస్తుంది, ఎటు నుంచి ఫిరంగులు పెట్టారు, ఎటు అడవి ఉండేది చెప్పే మనిషి ఉండాలి. కుర్రోడు వస్తే వాడికీ టీ ఇప్పిస్తా.

కంటోన్మెంట్_కుర్రోడు
గుడారంలో పడుకోబెట్టకపోతే వస్తా.

దంతపురి_దిబ్బ
దంతవరపుకోటకి ఎండ ఎక్కాక రాకండి, చెట్టు నీడ తక్కువ. పంట కోసేశాక అయితే ప్రాకారం వంపు బాగా తెలుస్తాది, చేలో పంట ఉంటే కాలిబాట మీంచే నడవండి, రైతులు తిడతారు. అన్నట్టు నూలు గారూ, గేదె లేచిందా?

పొందూరు_నూలు
లేచింది. పొడవు జానా నాలుగు వేళ్ళు, వెడల్పు జానెడు, మందం నాలుగు వేళ్ళు. ఒక దాని మీద కుక్క పాదం ముద్ర ఉంది, పచ్చిగా ఉన్నప్పుడు తొక్కినట్టుంది. ఫొటో రాత్రికి పెడతా, ఇక్కడ సిగ్నల్ లేదు.